బండి మాట్లాడుకునే ముందు: మీ ప్రశ్నలు, నా జవాబులు

ముహూర్తాలు మొదలయ్యాయంటే చాలు, ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగం కార్ల బిల్లుల గురించే ఉంటాయి. చాలా ఏళ్లు ఒక ట్రావెల్స్ ఆఫీసులో బుకింగ్ కౌంటర్ దగ్గర కూర్చున్నవాణ్ని కాబట్టి అటువైపు లెక్క ఎలా వేస్తారో నాకు తెలుసు. ఈసారి నాలుగు ఉత్తరాలకు జవాబిస్తున్నాను. మొదటిదానికే ఎక్కువ చోటు పోయింది, ఎందుకంటే మిగతా చాలామంది గొడవ కూడా అదే.

ప్రశ్న: మేం కూకట్‌పల్లిలో ఉంటాం. విజయవాడలో మా ఆడపడుచు కొడుకు పెళ్లికి ఇన్నోవా క్రిస్టా మాట్లాడుకున్నాం. కిలోమీటరుకు 19 రూపాయలన్నారు. విజయవాడ 275 కిలోమీటర్లు, రానూపోనూ 550, అంటే పదివేల ఐదొందల్లోపు అయిపోతుందనుకున్నాం. శుక్రవారం రాత్రి 9కి బయల్దేరి, శనివారం పెళ్లి చూసుకుని, మంగళగిరి గుడికి కూడా వెళ్లొచ్చి, అర్ధరాత్రి దాటాక ఒంటిగంటన్నరకు ఇల్లు చేరాం. గట్టిగా 29 గంటలు కూడా కాలేదు. బిల్లు మాత్రం 19,915! మీటరు చూసినా 712 కిలోమీటర్లే ఉంది. ఇది మోసం కాదా? బిల్లు కాపీ జత చేశాను. (ఒక గృహిణి, హైదరాబాద్)

జవాబు: మోసం అనలేనమ్మా, కానీ ముందు చెప్పకపోవడం మాత్రం ముమ్మాటికీ తప్పే. మీరు 19 రూపాయలు అన్న మాట ఒక్కటే విన్నారు, వాళ్లూ అదొక్కటే వినిపించారు. అసలు బేరం దాని వెనకాల ఉంది.

ట్రావెల్స్ వాళ్లకు ఊరు దాటే ట్రిప్పులో రోజంటే 24 గంటలు కాదు. రాత్రి 12 నుంచి మళ్లీ రాత్రి 12 దాకా, క్యాలెండర్‌లో తేదీ మారితే రోజు మారినట్టే. మీరు శుక్రవారం వాడుకున్నది మూడు గంటలు, ఆదివారం గంటన్నర, అయినా లెక్కలో అవి రెండు పూర్తి రోజులు. మొత్తం మూడు రోజులు. రోజుకు కనీసం ఇన్ని కిలోమీటర్లని ఒక లెక్క ఉంటుంది, కొన్నిచోట్ల 250, మీ బిల్లులో 300. మూడు రోజులకు 900 కిలోమీటర్లు. మీరు 712 తిరిగినా, 500 తిరిగినా 900కే కట్టాలి. 900ని 19తో గుణిస్తే 17,100. డ్రైవర్ బత్తా రోజుకు 400 చొప్పున 1,200. ఈ రెండింటి మీద 5 శాతం జీఎస్టీ 915. టోల్, పార్కింగ్ కలిపి 700 వేశారు. కూడి చూసుకోండి, సరిగ్గా మీ 19,915 వస్తుంది.

మరి కనీస కిలోమీటర్లు ఎందుకంటే, బండి మీ దగ్గరుంటే ఇంకో బేరానికి పోదు. కళ్యాణమండపం ముందు పది గంటలు ఊరికే ఆగినా ఓనరుకు ఈఎంఐ ఆగదు కదా. ఆ మాట న్యాయమే. తొమ్మిదింటికి బయల్దేరతామని మీరు చెప్పినప్పుడు 'అమ్మా, తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరండి, ఒక రోజు బాడుగ మిగులుతుంది' అని కౌంటర్లో మనిషి ఒక్క మాట అనకపోవడమే నాకు నచ్చలేదు. నేను అనేవాణ్ని. (మా ఓనరుతో తిట్లు కూడా తినేవాణ్ని, అది వేరే సంగతి.)

శనివారం తెల్లారుజామున బయల్దేరి, రాత్రి అక్కడే పడుకుని, ఆదివారం సాయంత్రానికి వచ్చేసి ఉంటే రెండు రోజులే. అదే 712 కిలోమీటర్లకు 13,528, బత్తా 800, జీఎస్టీ 716, టోల్, పార్కింగ్ అవే 700 అనుకుందాం. మొత్తం 15,744. నాలుగు వేల పైచిలుకు మిగిలేది, డ్రైవరుకు నిద్ర కూడా ఉండేది. శనివారం ఒక్కరోజులోనే వెళ్లి వచ్చేస్తే ఇంకా తగ్గుతుంది కదా అంటారేమో, ఒక్క డ్రైవరుతో తెల్లారుజాము నుంచి అర్ధరాత్రి దాకా బండి నడిపించే ప్లాన్ నేను ఎవరికీ చెప్పను.

ఇంకో సంగతి. 550 అనుకున్నది 712 ఎలా అయింది? పెళ్లింటి నుంచి మంగళగిరి గుడికి వెళ్లొచ్చామని రాశారు, అది కొంత. అసలుది వేరే. మీటరు మీ గుమ్మం దగ్గర కాదు, వాళ్ల షెడ్డులో మొదలై షెడ్డులోనే ఆగుతుంది. బిల్లు మీద అడ్రస్ ఎల్బీనగర్. అక్కడి నుంచి ఖాళీ బండి ఊరు ఈ చివర నుంచి ఆ చివరకు మీ కోసం వచ్చి, మిమ్మల్ని ఎక్కించుకుని మళ్లీ ఎల్బీనగర్ మీదుగానే విజయవాడ రోడ్డెక్కింది. తిరిగి వచ్చేటప్పుడూ అదే తంతు. ఒక్కోసారికి 28 చొప్పున వేసుకున్నా నాలుగుసార్లకు 112 కిలోమీటర్లు ఊళ్లోనే అయిపోయాయి. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వెళ్లే మెట్రో కూకట్‌పల్లి మీదుగానే పోతుంది, అందులో వెళ్లి అక్కడ కారెక్కండి అని చెప్పాలనుంది, కానీ పట్టుచీరలు, నాలుగు సూట్‌కేసులతో మెట్రో ఎక్కమంటే మీవారు నా మీదకు వస్తారు. కనీసం మీ పక్క ఏరియాలో షెడ్డున్న ట్రావెల్స్‌ను వెతుక్కోండి. విజయవాడ వెళ్లేటప్పుడైతే ఎల్బీనగర్, హయత్‌నగర్ వైపు ఉండేవాళ్లకు ఇది అయాచిత లాభం.

ఇక టోల్ విషయం. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, ఇలా ప్రతి ప్లాజా దగ్గరా డబ్బు ఫాస్టాగ్‌లో కట్ అవుతుంది, ఓనరు ఫోనుకు మెసేజ్ వస్తుంది. 24 గంటల్లోపు తిరిగొస్తే రెండోసారి సగమే కట్ అవుతుంది. 'టోల్ ఇంత' అని నోటిమాటగా చెబితే ఆ మెసేజ్‌లు చూపించమని అడగండి, మొహమాటం అక్కర్లేదు.

ఈసారి బండి మాట్లాడేటప్పుడు రేటు ఆఖర్న అడగండి. ముందు షెడ్డు ఎక్కడ, రోజు ఎలా లెక్కేస్తారు, రోజుకు కనీసం ఎన్ని కిలోమీటర్లు, బత్తా ఎంత, రాత్రి పూట అదనం ఉందా, పక్క రాష్ట్రం పర్మిట్ పన్ను ఎవరు కట్టాలి, ఇవన్నీ అడిగి, మీ ప్రయాణం టైములు చెప్పి, 'మొత్తం ఎంతవుతుందో వాట్సాప్‌లో రాసి పెట్టండి' అనండి. రాసివ్వను అన్నవాడి బండి ఎక్కొద్దు. కిలోమీటరుకు 17 అని 300 కనీసం చెప్పేవాడి కంటే 19 అని 250 చెప్పేవాడు మీకు చవగ్గా పడొచ్చు. ఊళ్లో తిరగడానికైతే 8 గంటలు, 80 కిలోమీటర్ల ప్యాకేజీ ఉంటుంది. సెడాన్‌కు రెండు నుంచి మూడు వేల మధ్య, క్రిస్టాకు నాలుగు వేలు అటూ ఇటూ చెబుతున్నారు. మన ట్రాఫిక్‌లో 80 కిలోమీటర్ల కంటే ముందు 8 గంటలే అయిపోతాయి కాబట్టి అదనపు గంటకు ఎంతో తప్పకుండా అడగాలి.

ప్రశ్న: మా తమ్ముడి పెళ్లికి ఆడి కారు కావాలని పట్టుబట్టాడు. ఆరు గంటలకు ట్రావెల్స్ వాళ్లు 18,000 అంటే, తెలిసినాయన తన సొంత కారే 14,000కి ఇస్తానంటున్నాడు. తెల్ల నంబరు ప్లేటు. తీసుకోవచ్చా? అసలు లిమోజిన్ దొరుకుతుందా? (కరీంనగర్ నుంచి ఒక అన్నయ్య)

జవాబు: వద్దు. డ్రైవరుతో బాడుగకు తిరిగే బండికి పసుపు ప్లేటు మీద నల్ల అంకెలుండాలి. తెల్ల ప్లేటు సొంతానికి మాత్రమే. పర్మిట్ లేకుండా బాడుగకు తిప్పితే మోటారు వాహనాల చట్టం 192ఎ సెక్షన్ కింద మొదటిసారికే 10,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా వేయొచ్చు. అది ఓనరు తలనొప్పి అనుకుందాం. మీ తలనొప్పి ఇన్సూరెన్స్. సొంత కారు పాలసీలో బాడుగకు తిప్పితే వర్తించదని షరతు ఉంటుంది. డప్పుల మధ్య, టపాసుల మధ్య, చుట్టూ జనం ఎగురుతుంటే నడిచే బండి అది, ఎవరి కాలు మీదకైనా ఎక్కితే నాలుగు వేలు మిగిలాయన్న సంతోషం ఎక్కడికి పోతుంది?

రేటు తగ్గించుకోవాలంటే వేరే దారుంది. ఇలాంటి కారు ఆషాఢంలో, మూఢంలో షెడ్డులో దుమ్ము కొట్టుకుపోతూ ఉంటుంది, ఆ ఖాళీ రోజుల ఖర్చంతా ముహూర్తం ఉన్న రాత్రి మీ దగ్గర రాబడతారు. కాబట్టి రిసెప్షన్ వేరే రోజు పెట్టుకున్నవాళ్లు ఆ రోజుకు మాట్లాడుకుంటే గట్టిగా బేరమాడొచ్చు. బారాత్‌కే కావాలంటే ఆరు గంటలు ఎందుకు, నాలుగు గంటల ప్యాకేజీ అడగండి. పూల అలంకరణ మీరే చేయించుకుంటామని చెప్పి ఆ డబ్బు తగ్గించమనండి, అయితే టేపుతో పెయింట్ ఊడితే ఆ ఖర్చు మీరే కట్టాలంటారు, అది ముందే తేల్చుకోవాలి. టైము దాటితే గంటకు ఎంతో కూడా. పెళ్లికొడుకు టైముకు రెడీ అయిన పెళ్లి నేనింతవరకూ చూడలేదు.

పొడుగు లిమోజిన్ సంగతి వదిలేయమని నా సలహా. అవి చాలావరకు మామూలు బండిని మధ్యలో కోసి సాగదీసినవి, 28 అడుగులు ఉండేవీ ఉన్నాయి. కంపెనీ ఇచ్చిన రూపం మారేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి ఎవరైనా తెస్తామంటే ముందు ఆర్‌సీ చూడండి. అది చూశాక, మీ సందు మలుపు దగ్గర నిలబడి ఒకసారి చూడండి. పదిహేను అడుగుల ఇన్నోవాయే వెనక్కీ ముందుకూ రెండుసార్లు ఆడితే గానీ తిరగదు.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటున్నాం. మా అబ్బాయి ప్రామ్‌కు, అంటే స్కూలు వాళ్ల డాన్సు పార్టీకి, స్నేహితులు ఎనిమిది మంది కలిసి లిమో తీసుకుంటారట. గంటకు 130 డాలర్లు, కనీసం ఆరు గంటలు. ఇండియా లెక్కలో గుండె ఆగినంత పనైంది. ఒప్పుకోవచ్చా? (ఒక తల్లి)

జవాబు: 780 డాలర్లు, దానికి టిప్పు 20 శాతం, అంటే 156, అక్కడ చాలామంది దాన్ని బిల్లులోనే కలిపేస్తారు, మళ్లీ చేతికిచ్చి రెండుసార్లు కట్టకండి. 936ని ఎనిమిది మంది పంచుకుంటే తలా 117. టోల్, ఫ్యూయల్ సర్‌చార్జి ఉన్నాయేమో అడగండి. ఆ రాత్రి కొత్తగా లైసెన్సు వచ్చిన పిల్లల్లో ఎవరూ స్టీరింగ్ పట్టుకోరు, దానికైతే నేను ఒప్పుకుంటాను.

ఏ బండి వస్తుందో మాత్రం తెలుసుకోండి. మనకు లిమో అంటే పొడుగు బండే, అక్కడ ఎయిర్‌పోర్టుకు వచ్చే మామూలు నల్ల సెడాన్‌నీ అదే అంటారు. సాగదీసిన పాత బండి అయితే నేను వద్దంటాను. 2018 అక్టోబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని స్కోహారీ దగ్గర అలాంటి లిమో ప్రమాదంలో 20 మంది పోయారు. అంతకుముందు నెలే ఆ బండి తనిఖీలో ఫెయిలైంది, డ్రైవరుకు ఆ బండి నడిపే లైసెన్సూ లేదు. పోయినవాళ్లలో 17 మంది పార్టీ కోసం ఆ బండిలో వెళ్తున్నవాళ్లే. కంపెనీ తయారు చేసినట్టే ఉన్న వ్యాన్ అడగండి, ప్రతి సీటుకూ బెల్టు ఉందా చూడండి. న్యూజెర్సీ చట్టం ప్రకారం లిమోజిన్‌కు 15 లక్షల డాలర్ల బీమా ఉండాలి, ఆ కాగితం చూపించమంటే మంచి కంపెనీ విసుక్కోదు. అబ్బాయి విసుక్కుంటాడు, పర్లేదు.

ప్రశ్న: బత్తా ఇచ్చాక కూడా డ్రైవరుకు భోజనం పెట్టాలా? (పేరు లేదు)

జవాబు: బత్తా అతని తిండికే, రూలు ప్రకారం మీరు పెట్టనక్కర్లేదు. అయితే పెళ్లికి వెళ్లిన బండి డ్రైవరు విస్తరాకుల వాసన పీలుస్తూ బయట బండిలో కూర్చుని, రోడ్డు మీద టిఫిన్ బండి వెతుక్కోవడం ఏం బాగుంటుంది? పిలిచి రెండో పంక్తిలో కూర్చోబెట్టండి. భోజనం కంటే ముఖ్యమైంది పడుకునే చోటు. మండపంలో ఒక పరుపు, ఫ్యాను ఉన్న గది చూపించి, తిరుగు ప్రయాణానికి ఆరు గంటల ముందు ఫోను ఆపేసి పడుకోమనండి. మధ్యలో కొబ్బరికాయలు తెచ్చిపెట్టమని లేపొద్దు.