వీఆర్ కళ్ళజోడు సరే, చదవాల్సింది ఏమిటి?

ప్రశ్న: మా నాన్నగారికి ఏడాదిగా తూలుడు. లోపలి చెవి నరానికి వాపు వచ్చి తగ్గింది కానీ బ్యాలెన్స్ కుదురుకోలేదని డాక్టరు చెప్పారు. హైదరాబాద్‌లో ఒక క్లినిక్‌లో వీఆర్ (వర్చువల్ రియాలిటీ, అంటే కృత్రిమ దృశ్యాలు చూపే) కళ్ళజోడు పెట్టి వ్యాయామాలు చేయిస్తున్నారు. తోడు వెళ్ళిన మా అమ్మాయి (ఇంటర్ బైపీసీ రెండో ఏడాది) అది చూసినప్పటి నుంచి ‘నేనూ ఈ పనే చేస్తా’ అంటోంది. ఈ వీఆర్ వైద్యానికి డిగ్రీ ఎక్కడ ఉంది? మా అబ్బాయి బీటెక్ సీఎస్ఈ మూడో ఏడాది. – ఒక తండ్రి, తణుకు

జవాబు: ఆ పేరుతో డిగ్రీ కోసం వెతకకండి. కళ్ళజోడు ఒక పనిముట్టు. దాన్ని ఎవరికి పెట్టాలి, ఎంతసేపు ఉంచాలి, కూర్చోబెట్టి మొదలుపెట్టాలా నిలబెట్టా అన్నది తెలిసినవాళ్ళదే ఆ ఉద్యోగం. అది ఫిజియోథెరపీ చదివితే వస్తుంది, లేదా ఆడియాలజీ (వినికిడి శాస్త్రం) చదివితే.

అమ్మాయి ఏం చూసి ముచ్చట పడిందో మీకూ తెలియాలి. మనం పడిపోకుండా నిలబడటానికి మెదడుకు మూడు చోట్ల నుంచి కబుర్లు అందుతాయి. కళ్ళు, లోపలి చెవి, కాళ్ళలోని కండరాలూ కీళ్ళూ. చెవి కబురు నమ్మలేనిదైతే మెదడు కళ్ళ మీదే ఆధారపడుతుంది. ఇంట్లో ఇబ్బంది ఉండదు. సూపర్‌మార్కెట్లో రెండు వైపులా ర్యాకులు వెనక్కి జారిపోతుంటే మాత్రం కదిలేది తనా, ర్యాకులా అన్నది తేలక కళ్ళు తిరుగుతాయి. భయపడి బజారుకు వెళ్ళడమే మానేస్తారు. మానేసేకొద్దీ మెదడుకు మళ్ళీ అలవాటు పడే అవకాశమూ పోతుంది.

అందుకే ఈ వైద్యంలో తల తిరిగేవాళ్ళకు కావాలనే, కొలత ప్రకారం, కాస్త తల తిరిగేలా చేస్తారు. కొత్త సంగతేం కాదు. 1940లలోనే ఇంగ్లండ్‌లో కాథోర్న్, కుక్సీ అనే డాక్టర్లు తల, కళ్ళు, ఒళ్ళు కదిలించే వ్యాయామాలు రూపొందించారు. నేటికీ పునాది అదే. వీఆర్ చేసిందల్లా బజారును గదిలోకి తేవడం. అమెరికాలో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు తెరల మీద కిరాణా దుకాణాన్ని చూపిస్తూ, రోగులను ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ, అరల్లో సరుకులు వెతికించారు. నిజం బజారులో రద్దీ మన మాట వినదు. ఇక్కడ మనుషుల్ని తగ్గించవచ్చు, నడక నెమ్మది చేయవచ్చు, అవసరమైతే ఆపేయవచ్చు.

అయితే ఒక చిక్కుంది. ఈ కళ్ళజోడు పెట్టుకుంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలోనూ కొందరికి వికారం, తల తిరుగుడు వస్తాయి. అంటే వైద్యం దుష్ప్రభావమూ, రోగి జబ్బు లక్షణమూ ఒకేలా కనిపిస్తాయి. ఏది ఏదో పోల్చుకోవడం, ఎక్కడ ఆపాలో తెలియడం, ఈలోగా పెద్దాయన పడిపోకుండా పక్కనే నిలబడటం... అసలు నైపుణ్యం ఇదే. కళ్ళు తిరిగే ప్రతివారికీ వీఆర్ అక్కరలేదు కూడా. చెవిలోని కాల్షియం రేణువులు చోటు తప్పడం వల్ల వచ్చే వర్టిగోకు తలను ఒక వరుసలో తిప్పే ఎప్లీ పద్ధతి ఉంది, కొద్ది నిమిషాల పని. అక్కడ కూడా వీఆర్ కళ్ళజోడు పెడతామనేవాళ్ళు ఉంటే నాకు అనుమానమే.

ఇక చదువు. నా మొదటి ఓటు బీపీటీకి, అంటే ఫిజియోథెరపీ డిగ్రీకి. ఇన్నాళ్ళూ నాలుగేళ్ళ చదువు, ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌గా ఉంది. 2021 చట్టంతో ఏర్పడిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ నియమాలు మారుస్తోంది కనుక, పాత సీనియర్ల మాట నమ్మకుండా ఈ ఏడాది నోటిఫికేషన్ చదవండి. నీట్ రాసి ఉంటే ర్యాంకు కార్డు జాగ్రత్త, ప్రవేశానికి అడగవచ్చు. హైదరాబాద్ నిమ్స్‌లో, తిరుపతి స్విమ్స్‌లో బీపీటీ ఉంది. తర్వాత ఎంపీటీ (ఫిజియోథెరపీ పీజీ)లో న్యూరో, అంటే నాడీ సంబంధ విభాగం తీసుకుంటే ఈ పనికి దగ్గరవుతుంది. మొదటి ఉద్యోగంలో జీతం తక్కువే ఉంటుంది, అది ముందే తెలుసుకుని దిగండి.

రెండోది బీఏఎస్ఎల్‌పీ, అంటే ఆడియాలజీ, మాట లోపాల చికిత్స కలిసిన డిగ్రీ. వినికిడి కోర్సని చాలామంది పట్టించుకోరు గానీ, లోపలి చెవి బ్యాలెన్స్ పరీక్షలు చేసేది ఎక్కువగా ఆడియాలజిస్టులే. మైసూరులోని అయిష్ (అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ), ముంబయి అలీ యావర్ జంగ్ సంస్థ వారి సికింద్రాబాద్ ప్రాంతీయ కేంద్రం చూడండి.

మీ అబ్బాయి సంగతి అడగకపోయినా చెబుతాను. ఈ వ్యాయామాల దృశ్యాలు ఎక్కువగా యూనిటీ వంటి గేమ్ సాఫ్ట్‌వేర్‌తో తయారవుతాయి. గాంధీనగర్ ఐఐటీలో పక్షవాతం వచ్చినవాళ్ళ బ్యాలెన్స్ కోసం వీఆర్ శిక్షణపై పరిశోధన జరిగింది. ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ ఇంజినీరింగ్ విభాగం ఉంది. తాతగారి కోసం రైతుబజారు దృశ్యం ఒకటి సరదాగా కట్టి చూడమనండి. కానీ ఆ క్లినిక్‌వాళ్ళను అడగకుండా ఆయన కళ్ళకు పెట్టొద్దు.

ఈసారి సెషన్‌కు అమ్మాయిని ఒక నోటుపుస్తకంతో పంపండి. కళ్ళజోడు పెట్టకముందు ఫిజియోథెరపిస్ట్ తాతగారిని ఏమేం అడిగారు, ఎలా నిలబెట్టి చూశారు, ఎన్నిసార్లు ఆపారు, ఎందుకు ఆపారు అన్నవన్నీ రాసుకురమ్మనండి. తిరుగు బస్సులో ఆ పుస్తకం తిరగేస్తూ ఇంకా ‘ఈ పనే’ అంటే బీపీటీ దరఖాస్తు నింపండి.