తల అటూ ఇటూ ఊపితే ‘సరే’ అనా, ‘కాదు’ అనా?

గోదావరి జిల్లాల్లో తలను ఒక భుజం వైపు, వెంటనే రెండో భుజం వైపు వంచితే ‘సరే’ అని అర్థం. ఇలాంటి సైగలు ఎక్కువగా చుట్టూ ఉన్నవాళ్లను చూసి అబ్బేవే, అందుకే ప్రాంతం మారితే, తరం మారితే అర్థమూ మారుతుంది. బల్గేరియాలో తల అడ్డంగా తిప్పడమే ‘అవును’!

“సంక్రాంతికి వస్తాం తాతయ్యా” అని వీడియో కాల్‌లో అంటే అమలాపురం తాతయ్య అలాగే తల ఊపుతారు. అమెరికాలో పెరిగిన మనవడికి అది ‘వద్దు’లా కనిపించవచ్చు. ఆయన వాట్సాప్‌లో పెట్టే బొటనవేలు బొమ్మ కూడా కొందరు కుర్రాళ్లకు ముక్తసరి జవాబే.

ఈ ఊపును ప్రతిసారీ ‘వద్దు’ అనో, తటపటాయింపు అనో అనుకోవడం పెద్ద పొరపాటు, పెద్దవాళ్ల విషయంలో అన్యాయం కూడా. ముక్కును గమనించండి: ‘కాదు’ అన్నప్పుడు పక్కలకు తిరుగుతుంది, ‘సరే’ అన్నప్పుడు ఎదురుగానే ఉంటుంది, చెవులే భుజాల వైపు వంగుతాయి.