తిన్నది ఐదు వేలు, కట్టింది ఎనిమిది వేల నాలుగొందలు

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. మాదాపూర్‌లో ఐటీ ఉద్యోగం. చేతికొచ్చే జీతం 72,000. ఫ్లాట్ అద్దెలో నా వాటా 14,000, ఖమ్మంలో ఉన్న అమ్మకు 15,000, ఎడ్యుకేషన్ లోన్ ఈఎంఐ 9,200, సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి) 5,000. సరుకులు, క్యాబ్‌లు, ఫోను, మిగతావన్నీ కలిపి 17,500 దాకా అవుతాయి. ఆఫీసులో స్నేహితులైన ఐదుగురం నెలకోసారి ఒక స్టార్ హోటల్లోని జపనీస్ రెస్టారెంట్‌కి వెళ్తాం. మిగతా నలుగురికీ సుషీ అంటే ప్రాణం. నేను పచ్చి చేప తినలేను, మందు అలవాటు లేదు. రొయ్యల టెంపురా, అవకాడో రోల్‌తో సరిపెట్టుకుంటాను. బిల్లు మాత్రం ఐదు సమాన వాటాలు. పాయింట్లు వస్తాయని మొత్తం నా క్రెడిట్ కార్డు మీద గీకుతాను, వాళ్లు నాకు యూపీఐ చేస్తారు. పోయినసారి బిల్లు 42,000. ఫొటో పంపుతున్నాను. కార్డు మీద ఇప్పుడు 46,000 బాకీ ఉంది. రెండు నెలలుగా మినిమం డ్యూ (బ్యాంకు అడిగే కనీస మొత్తం) మాత్రమే కడుతున్నాను, వడ్డీ నెలకు 3.5 శాతం. అమ్మ ఆపదకని 80,000 ఎఫ్‌డీ (7 శాతం) ఉంది, దాన్ని ముట్టుకోను. ఈ డిన్నర్లు మానేయాలా? మానేస్తే వాళ్లకు దూరమైపోతానేమోనని భయంగా ఉంది.

జవాబు: మానేయక్కర్లేదు. ముందు ఆ మాట చెప్పేస్తే మిగతాది మీరు ప్రశాంతంగా చదువుతారు.

ఇలాంటి ఉత్తరాలు రాసేవాళ్లు సాధారణంగా జీతం, ఖర్చులు రాసి వదిలేస్తారు. మీరు బిల్లు ఫొటో కూడా పంపారు. దాన్ని పెద్దది చేసుకుని, కాగితం మీద ఒక్కో వరుసా విడదీసి చూశాను. సషీమీ (పచ్చి చేప ముక్కలు) ప్లేటర్లు రెండు, 7,200. సాల్మన్, ట్యూనా నిగిరీలు (అన్నం ముద్ద మీద చేప ముక్క) 5,400. రోల్స్ నాలుగు, 5,000. మీ టెంపురా 1,650. ఎవరో ఉడాన్ నూడుల్స్ తిన్నారు, 1,150. మీసో సూప్ ఐదుగురికీ 2,250. డిజర్ట్‌లు రెండు, 1,400. మంచినీళ్ల సీసాలు మూడు, 900. తిండి మొత్తం 24,950. సాకే (జపాన్ బియ్యపు మందు) ఒక సీసా, బీర్లు మూడు కలిపి 8,600. దీనంతటి మీదా పది శాతం సర్వీస్ ఛార్జ్ 3,355. తిండికీ ఆ సర్వీస్ ఛార్జ్‌కీ కలిపి 18 శాతం జీఎస్టీ 5,095. మందు జీఎస్టీ పరిధిలోకి రాదు కాబట్టి దాని మీద పడలేదు. అలా 42,000 అయింది.

ఇందులో మీ నోట్లోకి వెళ్లింది ఎంత? టెంపురా, ఒక అవకాడో రోల్ (1,250), సూప్ (450), సగం డిజర్ట్ (350), నీళ్లలో ఐదో వంతు (180). కలిపితే 3,880. సర్వీస్ ఛార్జ్, జీఎస్టీ వేసినా 5,036. మీరు కట్టింది 8,400. అంటే ఆ రాత్రి మీరు తినని చేపకూ, తాగని సాకేకూ 3,364 రూపాయలు ఇచ్చారు. నెలనెలా ఇదే వరస అయితే ఏడాదికి 40 వేలు దాటుతుంది.

సుషీ రెస్టారెంట్‌లో ఈ తేడా మామూలు హోటల్లో కంటే ఎందుకు ఎక్కువో కూడా చెప్పాలి. బిర్యానీ దగ్గర ఐదుగురు పంచుకుంటే ఒకడు రెండు ముక్కలు ఎక్కువ తింటాడు, అంతే. ఇక్కడ మెనూలో అట్టడుగు ధరకూ పై ధరకూ పొంతనే ఉండదు. ఆ సాల్మన్ ఎక్కువగా నార్వేలో పెంచింది, విమానంలో వస్తుంది. పచ్చిగా తినే చేప కాబట్టి దారి పొడవునా చల్లదనం తప్పకూడదు. ఇవాళ అమ్ముడవని ముక్కకు రేపు ఆ ధర రాదు. ట్యూనాలోనే పొట్ట దగ్గరి కొవ్వు ముక్క 'ఒటోరో'కి ఒక ధర, ఎర్రటి మాంసం 'అకామీ'కి ఇంకో ధర. 2019 జనవరిలో టోక్యో టొయొసు మార్కెట్ కొత్త సంవత్సరం వేలంలో 278 కిలోల ఒక్క ట్యూనా 33 కోట్ల యెన్‌లకు పైగా పలికింది. అది ప్రచారం కోసం పెట్టిన ధరే అనుకోండి, కానీ ఆ చేప మీద మోజు ఎంతటిదో తెలుస్తుంది. మీరు తినే అవకాడో రోల్‌లో ఉన్నది వెనిగర్ కలిపిన అన్నం, సముద్రపు నాచు రేకు, నాలుగు పండు ముక్కలు. ఆ రెస్టారెంట్ ఖరీదంతా మీరు ముట్టుకోని వస్తువులోనే ఉంది. (పక్కన పెట్టే ఆకుపచ్చ వసాబీ కూడా చాలాచోట్ల అసలు వసాబీ వేరు కాదు, హార్స్‌రాడిష్‌కి రంగు కలిపిందే. అసలుది చాలా ఖరీదు.)

కాబట్టి మిమ్మల్ని సుషీ ముంచలేదు. మొహమాటం ముంచుతోంది. మొహమాటానికి పోతే ఏమవుతుందో మన సామెత ఒకటుంది, ఇక్కడ అచ్చు వేయలేను, మీకు తెలిసే ఉంటుంది. నేనూ ఉద్యోగంలో చేరిన కొత్తలో శాకాహారినై ఉండి, రెండేళ్లపాటు తోటివాళ్ల కబాబులకు సమానంగా వాటా ఇచ్చాను. ఒకరోజు విసుగొచ్చి చెబితే, వాళ్లు నిజంగానే నోళ్లు వెళ్లబెట్టారు. ఎవరికీ తట్టలేదట. మీ నలుగురికీ తట్టి ఉండదు.

బిల్లు వచ్చాక చెప్పకండి. అప్పుడు చెబితే లెక్కలు తీసినట్టుంటుంది, అందరికీ ఇబ్బంది. ఆర్డర్ తీసుకోవడానికి వచ్చినప్పుడే 'నాది వేరే బిల్లు వేయండి' అని వెయిటర్‌తో అనండి. మొదట్లోనే చెబితే స్టార్ హోటళ్లలో ఇది రోజూ జరిగే పనే. అది కూడా కష్టమనిపిస్తే ముందురోజు గ్రూపులో ఒక మెసేజ్ పెట్టండి: 'నేను సషీమీ, సాకే తీసుకోను కదా, ఈసారి నుంచి నా ప్లేటు నేనే కట్టేసుకుంటా.' దీనికి మొహం మాడ్చుకునే స్నేహితులెవరైనా ఉంటే నెలకు 3,364 కట్టినా వాళ్లు నిలబడరు.

సర్వీస్ ఛార్జ్ సంగతి. అది పన్ను కాదు. బిల్లులో దానంతట అదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. రెస్టారెంట్ల సంఘాలు కోర్టుకెళితే 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలనే సమర్థించింది. 'ఇది తీసేసి బిల్లివ్వండి' అని మర్యాదగా అడిగితే చాలు. ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. మీ టేబుల్ మొత్తానికి ఆ ఛార్జ్, దాని మీద జీఎస్టీ కలిపి దాదాపు 3,960. వడ్డించిన కుర్రాడు బాగా చూసుకున్నాడనిపిస్తే అతని చేతికే మూడొందలు ఇవ్వండి, ఆ డబ్బు ఎవరికి చేరిందో మీకు తెలుస్తుంది.

జీఎస్టీ మాత్రం తప్పదు, కానీ తగ్గే దారి ఉంది. గది అద్దె రోజుకు 7,500 దాటే హోటళ్లలోని రెస్టారెంట్లకే 18 శాతం. హోటల్‌లో భాగం కాని, విడిగా ఉండే రెస్టారెంట్లకు 5 శాతమే. హైదరాబాద్‌లో విడిగా ఉన్నవాటిలోనూ సుషీ దొరుకుతుంది. మూడు నెలలకోసారి స్టార్ హోటల్, మిగతా నెలల్లో విడి రెస్టారెంట్ అని మీరే ప్రతిపాదించండి. చాలా జపనీస్ రెస్టారెంట్లలో మధ్యాహ్నం పూట బెంటో లేదా సెట్ మీల్ ఉంటుంది. అదే వంటగది, అదే వంటవాళ్లు, ధర తక్కువ, పైగా పగలు సాకే సీసా తెరిచేవాళ్లు తక్కువ.

ఇక నన్ను నిజంగా కలవరపెట్టిన విషయానికి వస్తాను. మీరు దాన్ని ఉత్తరంలో చివర్న, మామూలుగా రాసేశారు.

42,000 మీ కార్డు మీద గీకుతున్నారు. నలుగురూ 33,600 మీ ఖాతాకు పంపుతారు, ఒకరు ఆ రాత్రే, ఇంకొకరు పది రోజులకు. ఆ డబ్బు జీతంతో కలిసిపోతుంది. ఖాతా చూసుకుంటే నిండుగా ఉంటుంది, అమ్మకు మందులు, ఎవరిదో పెళ్లికి కానుక, పండక్కి బట్టలు, అన్నీ అందులోంచే. కార్డు బిల్లు వచ్చేనాటికి అది స్నేహితుల డబ్బని గుర్తుండదు. మీ లెక్క ప్రకారం ఖర్చులన్నీ పోను నెలకు 11,300 మిగలాలి. అందులో 8,400 ఈ డిన్నర్‌కి పోతే 2,900. ఇంత సన్నటి సందులో ఒక్క పెళ్లి పడినా మినిమం డ్యూకి దిగాల్సిందే. దిగారు.

46,000 మీద నెలకు 3.5 శాతం అంటే 1,610. ఆ వడ్డీ మీద కూడా 18 శాతం జీఎస్టీ. మొత్తం 1,900. ఇది అక్కడితో ఆగదు. పాత బిల్లు పూర్తిగా కట్టనంతకాలం కొత్తగా గీకినదానికి వడ్డీలేని గడువు ఉండదు, గీకిన రోజు నుంచే వడ్డీ మొదలు. అంటే ఈ నెల మళ్లీ 42,000 గీకి, నెలపాటు కట్టకపోతే దాని మీద ఇంకో 1,735. పాయింట్లు నూటికి ఒక రూపాయి చొప్పున వచ్చినా 420. ఆ 420 కోసం ఇదంతా.

ఇక నుంచి బిల్లు వేరేవాళ్లు గీకాలి. మీ వంతు మీరు అక్కడికక్కడే యూపీఐ చేసి లేవండి.

ఎఫ్‌డీ ముట్టుకోనన్నారు. ముట్టుకోండి. అందులోని 46,000 మీకు నెలకు తెచ్చిపెడుతున్నది సుమారు 268. కార్డు మీద అదే 46,000 నెలకు 1,900 తింటోంది. అమ్మ ఆపదకని దాచిన డబ్బే కదా అంటారు. రేపు నిజంగా ఖమ్మం నుంచి ఫోన్ వస్తే, బాకీతో నిండిన కార్డు ఆసుపత్రి కౌంటర్‌లో ఎందుకూ కొరగాదు. ఖాళీగా ఉన్న కార్డు కనీసం ఆ రాత్రికి పనికొస్తుంది. చాలా బ్యాంకులు కొంత మొత్తమే తీసుకోనిస్తాయి. కుదరకపోతే మొత్తం తీసి 34,000 మళ్లీ వేసేయండి. ముందే తీసినందుకు కాస్త వడ్డీ కోస్తారు, పోనివ్వండి. కార్డు యాప్‌లో ఆ రోజుకు మొత్తం బాకీ ఎంతో చూసి అంతా ఒకేసారి కట్టండి. తర్వాతి బిల్లులో కొద్దిగా వడ్డీ మళ్లీ కనిపిస్తుంది, అది కట్టిన రోజు వరకూ పేరుకున్నది. కంగారు పడకుండా దాన్ని కూడా పూర్తిగా కట్టేయండి. సిప్ ఆపొద్దు, లోన్ ఈఎంఐ అలాగే నడవనివ్వండి.

కార్డుకు పోతున్న 1,900, వాటాలో మిగిలే 3,364 కలిపితే 5,264. జీతం పడిన మర్నాడే ఈ మొత్తం ఒక రికరింగ్ డిపాజిట్‌లోకి వెళ్లేట్టు పెట్టండి. తొమ్మిదో నెలకు ఎఫ్‌డీలోంచి తీసిన 46,000 తిరిగొచ్చేస్తుంది, మధ్యాహ్నం బెంటోలు ఎక్కువైతే ఇంకా ముందే.

అమ్మకు పంపే 15,000తో ఈ డిన్నర్‌ని పోల్చుకుని బాధపడుతున్నట్టు మీ మాటల మధ్య అనిపించింది. నేనైతే ఆ పోలిక పెట్టను. నెలంతా పనిచేసి, అద్దె కట్టి, ఇంటికి పంపి, సిప్ వేసి, స్నేహితులతో ఒక సాయంత్రానికి ఐదు వేలు పెట్టుకోవడం 72,000 జీతంలో తప్పు కాదు. మీ వరకూ ఐదు వేలు గీత. ఆ గీతలో రెండో అవకాడో రోల్ తింటారో, ఒకసారి ధైర్యం చేసి సాల్మన్ రుచి చూస్తారో మీ ఇష్టం.

వచ్చే డిన్నర్‌కి వెళ్లే ముందు ఒక్క మాట. కార్డు బాకీ అంతకు ముందే తీర్చేసి వెళ్లండి, కార్డు ఇంట్లో పెట్టి వెళ్లండి.