పాడైన బీరు అడుగున ఈస్టు పనికొస్తుందా?

ప్రశ్న: ఇంట్లో 19 లీటర్ల పేల్ ఏల్ (లేత రంగు బీరు) పెట్టాను. మూడో వారానికి పైన తెల్లగా, ముడతలు ముడతలుగా పొర కట్టింది, రుచి పులిసింది. బీరు పారబోస్తాను సరే, అడుగున పేరుకున్న ఈస్టును మరిగించి చల్లార్చిన నీళ్లతో కడిగి మళ్లీ వాడొచ్చా? ప్లాస్టిక్ బకెట్ సంగతేమిటి?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: వాడొద్దు. పుల్లపెరుగుతో తోడు పెడితే మర్నాటి పెరుగుకూ ఆ పులుపే వస్తుంది. నీళ్లతో కడిగితే హాప్స్ (బీరుకు చేదునిచ్చే పూలు) పిప్పి, బరువైన మడ్డి కిందికి దిగుతాయి, అంతే. బ్యాక్టీరియా ఈస్టు కణం కంటే చాలా చిన్నది కాబట్టి పైనే తేలుతూ ఉంటుంది. మీరు వంపుకుని దాచుకునేదీ ఆ పై భాగాన్నే!

బ్రూవరీల్లో యాసిడ్‌తో కడిగే పద్ధతి ఉంది. ఈస్టు ముద్దను 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచి, ఫాస్ఫారిక్ యాసిడ్‌తో పీహెచ్‌ను 2–2.2కి దించి, కలుపుతూ గంటా రెండు గంటలయ్యాక వెంటనే కొత్త వోర్ట్‌లో (ఇంకా పులియని తియ్యటి మాల్ట్ రసంలో) వేస్తారు. దీంతో చాలా బ్యాక్టీరియా చస్తుంది. పులుపుకి అలవాటుపడ్డ ల్యాక్టోబాసిల్లస్ అనే బ్యాక్టీరియా కొంత మిగలొచ్చు. బ్రెట్టనోమైసెస్ లాంటి అడవి ఈస్టుకైతే ఇది లెక్కే కాదు. అసలు ఈస్టు వదిలేసిన చక్కెరల్ని కూడా అది సీసాల్లో తినేస్తుంది, గ్యాస్ పెరిగి సీసాలు పగులుతాయి. మీ బీరు మీది పొర ఎవరి పనో కంటితో తేల్చలేం.

11 గ్రాముల పొడి ఈస్టు ప్యాకెట్ ఒకటి 19 లీటర్లకు సరిపోతుంది. కొన్ని డాలర్ల కోసం ఇంకో బ్యాచ్ పణం పెట్టడం దండగ.

మళ్లీ దొరకని ఈస్టయితేనే ఈ శ్రమ: 100 మి.లీ. నీళ్లు, 10 గ్రాముల పొడి మాల్ట్ (మొలకెత్తిన బార్లీ సారం), 2 గ్రాముల అగర్ (జెల్లీలా గడ్డకట్టించే పొడి) కలిపి ప్రెషర్ కుక్కర్లో 15 పీఎస్ఐ ఒత్తిడి దగ్గర 20 నిమిషాలు ఉంచి, పెట్రీ డిష్‌లలో (మూతలున్న చదునైన చిన్న పళ్లేల్లో) పోయాలి. కాల్చి చల్లార్చిన తీగతో ఈస్టును పల్చగా గీయాలి. రెండు మూడు రోజులకు విడిగా మొలిచిన ఒక్క చుక్కను (ఒకే కణం నుంచి పెరిగిన ఈస్టు గుంపును) తీసుకుని ఇంకో డిష్‌లో మళ్లీ గీయాలి. అందులోంచి ఒక్క చుక్కనే 10 మి.లీ., 100 మి.లీ., ఆపై లీటరు వోర్ట్‌లో పెంచాలి. 1883లో డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ బ్రూవరీ ప్రయోగశాలలో శాస్త్రవేత్త ఎమిల్ హాన్సెన్ అడవి ఈస్టు బెడద వదిలించింది ఇలా ఒకే కణం నుంచి పెంచే. ఆ లీటరు వాసన, రుచి చూశాకే 19 లీటర్ల జోలికి వెళ్లండి.

బకెట్‌కు లోపల గీతలుంటే ఇకపై పుల్ల బీర్లకే ఉంచండి, గీతల్లోకి శానిటైజర్ సరిగా చేరదు. గొట్టాలు, రబ్బరు వాషర్లు, కుళాయి మార్చేయండి. బ్లీచ్ వాడితే బాగా కడిగాకే యాసిడ్ శానిటైజర్ పోయండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది.