పాత బండ్లు – మీ ప్రశ్నలు: చోక్ వైరు మళ్లీ మళ్లీ ఎందుకు కాలుతుంది?

ప్ర: మాది 1489 సీసీ పెట్రోల్ అంబాసిడర్, ఎస్‌యూ రకం కార్బరేటర్ (గాలిలో పెట్రోలు కలిపే భాగం). ఇంజను దించి, సిలిండర్లను 40 ఓవర్‌సైజుకి (అంగుళంలో 40 వెయ్యోవంతులు పెద్దగా) బోరు చేయించి, బ్లాకుకి రంగు కొట్టించి ఎక్కించాం. అప్పట్నుంచి పొద్దున పూట సెల్ఫ్ నీరసంగా తిరుగుతోంది. పది పన్నెండుసార్లు కొడితే గానీ స్టార్ట్ కాదు. చోక్ (చల్లని ఇంజనుకి పెట్రోలు ఎక్కువ ఇచ్చే నాబ్) లోపలికి నొక్కితే ఆగిపోతోంది. చోక్ వైరు రెండుసార్లు మార్చాం, మళ్లీ బిగుసుకుపోయింది. కార్బరేటరే మార్చేయమంటున్నారు. — ఒక పాఠకుడు, కావలి

జ: కార్బరేటర్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. బ్లాకుకి రంగు కొట్టించామన్నారు, చోక్ వైరు రెండుసార్లు పోయిందన్నారు. ముందు ఈ రెండూ కలిపి చూడాలి. ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి బాడీకీ దానికీ కరెంటు దారి ఉండదు. ఆ దారి వేసేది అల్లిన రాగి పట్టీ, అదే ఎర్త్ స్ట్రాప్. ఇంజను ఎక్కించే హడావుడిలో దాన్ని మర్చిపోతారు, లేదా రంగు మీదే బిగించేస్తారు. అప్పుడు సెల్ఫ్ లాగే వంద ఆంపియర్లకు పైబడిన కరెంటు చోక్ వైరూ యాక్సిలరేటర్ వైరూ పట్టుకుని పోతుంది. వైరు కాగి, లోపలి గ్రీజు మాడి, తొడుగుకి అతుక్కుంటుంది.

మల్టీమీటర్ ఒక కొన బ్యాటరీలో బాడీకి కలిపిన టెర్మినల్‌కీ, రెండోది బ్లాకు మీద రంగు లేని బోల్టుకీ ఆనించి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటితే ఎర్త్ సరిగా లేదు. పట్టీ రెండు కొసల దగ్గరా మెరిసేదాకా ఎమెరీ పేపరుతో రుద్ది బిగించి, పైన కాస్త గ్రీజు రాయండి. మాడిన చోక్ వైరు మాత్రం మూడోసారి మార్చక తప్పదు.

తర్వాత కార్బరేటర్లో పెట్రోలు వచ్చే సన్న గొట్టం, అంటే జెట్ చూడండి. ఎస్‌యూలో గాలి దారి మూసే రేకు ఉండదు. చోక్ లాగితే జెట్ కిందికి దిగి, అందులోకి దిగే సూది చుట్టూ సందు పెరిగి పెట్రోలు ఎక్కువ వస్తుంది. నాబ్ నొక్కాక జెట్ పూర్తిగా పైకెళ్లి నట్టుకి ఆనాలి. లేకపోతే పొగ నల్లగా వస్తుంది, ప్లగ్గులు మసిబారతాయి. వైరుకి ఒకటిన్నర మిల్లీమీటర్ల వదులు ఉంచండి.

చోక్ నొక్కగానే ఆగిందంటే మిశ్రమం పలచనవుతోందన్నమాట, ఎక్కడో దొంగగాలి దూరుతోంది. ఈ ఇంజనులో ఇన్లెట్, ఎగ్జాస్ట్ మానిఫోల్డులు (మిశ్రమం లోపలికి, పొగ బయటికి వెళ్లే గొట్టాలు) రెండింటినీ ఒకే స్టడ్డు, ఒకే వెడల్పు వాషరు కలిపి నొక్కుతాయి. రెండు అంచుల మందం సమానంగా లేకపోతే వాషరు ఎగ్జాస్ట్ మీదే ఆగుతుంది, ఇన్లెట్ వదులుగా ఉండిపోతుంది. ఐడిలింగులో ఆ అతుకు మీద నాలుగు చుక్కలు ఇంజన్ ఆయిల్ వేయండి. శబ్దం మారితే దొరికినట్టే. అంచులు లేత్‌లో సమం చేయించి, గ్యాస్కెట్ కొత్తది వేయండి.

ఒక మాట. మన నెల్లూరులో డిసెంబరు తెల్లవారుజామున కూడా చలి 20 డిగ్రీల దరిదాపుల్లోనే. ఆ చలికి అర నిమిషం చోక్ చాలు. ఐదు నిమిషాలు కావాలంటే ఎక్కడో లోపం ఉన్నట్టే.

ప్ర: ఆరేళ్లుగా షెడ్డులో ఉన్న ప్రీమియర్ పద్మిని. నేరుగా బోరుకి ఇచ్చేయొచ్చా? — ఒక పాఠకురాలు, ఒంగోలు

జ: కొలవకుండా బోరు చేయిస్తే డబ్బు దండగ. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్లో రెండు చెంచాల ఆయిల్ పోసి, రెండు రోజులాగి చేత్తో తిప్పండి. సెల్ఫ్ వద్దు, అంటుకున్న పిస్టన్ రింగు విరుగుతుంది. తేలిగ్గా తిరిగాక, పోసిన ఆయిల్ బయటికి వచ్చేదాకా తిప్పేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్ గేజ్ పెట్టండి. తక్కువ వచ్చినచోట చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగితే లోపం రింగుల్లో, పెరగకపోతే వాల్వుల్లో. పక్కపక్క రెండు సిలిండర్లు తక్కువ చూపిస్తే హెడ్ గ్యాస్కెట్‌ని అనుమానించండి.

బోరు తప్పదని తేలితే ముందు పిస్టన్లు కొని, వాటి కొలతకే బోరు చేయించండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, తర్వాత ఆ సైజు పిస్టన్లు దొరక్క ఊళ్లన్నీ తిరుగుతారు. ఈ ఇంజను అసలు బోరు 68 మిల్లీమీటర్లు. రింగుని పిస్టన్ తలతో లోపలికి తిన్నగా తోసి, కొసల సందు పలచని రేకుల ఫీలర్ గేజ్‌తో కొలవండి. పావు మిల్లీమీటరు కన్నా తగ్గితే వేడికి కొసలు గుద్దుకుని గోడ గీరుకుపోతుంది.

హానింగ్ (సిలిండర్ గోడని రాతితో సన్నగా గీరడం) అయ్యాక కిరసనాయిలుతో తుడిచి వదిలేయకండి, రాతిపొడి గీతల్లోనే ఉండిపోతుంది. వేడినీళ్లు, సబ్బు, గట్టి బ్రష్షు. తెల్లగుడ్డ తెల్లగానే వచ్చేదాకా కడిగి, ఆరగానే ఆయిల్ పూయండి. మన ఉప్పుగాలికి గంటలో తుప్పు పడుతుంది.

పెట్రోలు పైపులూ, పంపు డయాఫ్రమూ తప్పక మార్చండి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరు ఉబ్బి, పగులుతుంది.

ప్ర: నవంబరు వానల్లో మాత్రమే స్టార్ట్ కాదు. — ఒక పాఠకుడు, కొత్తపట్నం

జ: ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ క్యాప్ విప్పి లోపల పొడిగుడ్డతో తుడవండి. పెన్సిలు గీతలాంటి సన్నని నల్లగీత కనిపిస్తే ఎంత ఆరబెట్టినా లాభం లేదు, క్యాప్ మార్చండి.