అర్ధరాత్రి ఆత్రానికి మెలటోనిన్ మందా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు, జబ్బులేమీ లేవు. పగలు పైసా పైసా లెక్క చూసుకుంటాను. రాత్రి 12 దాటితే మాత్రం ఫోన్‌లో అక్కర్లేనివన్నీ కొనేస్తున్నాను, ఆఫీసు గ్రూపులో దురుసుగా జవాబులిస్తున్నాను. నిద్ర హార్మోన్ తగ్గి ఉంటుందని, మెలటోనిన్ వేసుకోమని ఫ్రెండ్ అంటున్నాడు. వాడొచ్చా?
– ఓ పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: మెలటోనిన్ తొందరపాటుకు కళ్లెం వేసే హార్మోన్ కాదండీ. చీకటి పడిందని ఒంటికి కబురు చెప్పడమే దాని పని. రోజూ పడుకునే వేళకు సుమారు 2 గంటల ముందు మెదడులోని పీనియల్ గ్రంథిలో ఊరడం మొదలవుతుంది. ఆ సమయంలో ట్యూబ్‌లైట్ వెలుగైనా సరే, దాన్ని అణిచేస్తుంది. పొద్దుపోయేదాకా మేలుకునేవాళ్లలో దుడుకుతనం కాస్త ఎక్కువన్నది చాలా అధ్యయనాల్లో కనబడింది. కానీ దుడుకువాళ్లే ఫోన్ పట్టుకుని మేలుకుంటూ ఉండొచ్చు కదా!

మీ విషయంలో నేను ముందు అనుమానించేది నిద్ర చాలకపోవడాన్ని. 2007లో అమెరికాలో ఆరోగ్యవంతులైన యువతను దాదాపు 35 గంటలు మేలుకోబెట్టి, మనసు కలవరపెట్టే బొమ్మలు చూపిస్తూ మెదడు స్కాన్ తీశారు. ఉద్వేగాలకు కేంద్రమైన అమిగ్డలా, నిద్రపోయినవాళ్లలో కంటే 60 శాతం ఎక్కువగా రెచ్చిపోయింది. దాన్ని అదుపులో పెట్టే మెదడు ముందు భాగంతో లంకె సడలింది. మీ గ్రూపు జవాబుల వెనకున్నదీ అదే కావచ్చు.

అందుకని ముందు లేచే టైమ్ ఖాయం చేసుకోండి, ఆదివారమైనా సరే. లేచాక అరగంట డాబా మీద ఎండపొడ తగలనివ్వండి. రాత్రి 9 తర్వాత ట్యూబ్‌లైట్ ఆపి పసుపు బల్బుతో సరిపెట్టుకోండి. కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది, కాబట్టి సాయంత్రం 6 గంటల ఇరానీ చాయ్ మానాలి. షాపింగ్ యాప్‌లో కార్డు వివరాలు చెరిపేయండి. నంబరంతా కొట్టాల్సి వస్తే సగం ఆత్రం అక్కడే చల్లారుతుంది.

ఇక బిళ్లలు. మెలటోనిన్ ప్రధానంగా ఒంట్లోని నిద్ర గడియారం ముల్లు జరిపే మందు, మోతాదు పెంచితే నిగ్రహం పెరగదు. గమ్మీల (చప్పరించే మెలటోనిన్ జెల్లీ బిళ్లలు) జోలికైతే అసలు పోకండి: 2023లో అమెరికాలో 25 రకాలు పరీక్షిస్తే 22 రకాల్లో లేబుల్‌పై ఉన్నదానికీ లోపలున్నదానికీ పొంతనే లేదు. ఫ్లూవోక్సమైన్ అనే మానసిక సమస్యల మందు వాడేవాళ్ల రక్తంలో మెలటోనిన్ విపరీతంగా పెరుగుతుంది, డాక్టర్ని అడక్కుండా వేసుకోకూడదు.

ఒకటి గమనించుకోండి. మూడు గంటలే పడుకున్నా అలసట తెలియకుండా, నాలుగైదు రోజులు వరసగా హుషారు పొంగి డబ్బు నీళ్లలా ఖర్చవుతుంటే, అది వట్టి నిద్రలేమి కాకపోవచ్చు. ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి ఓపీలోనో, దగ్గర్లోని సైకియాట్రిస్టుకో వెంటనే చూపించుకోండి.