డేటాబేస్ వేగం పెంచే పనికి భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి ఖమ్మంలో బీటెక్ సీఎస్‌ఈ చివరి సంవత్సరం చదువుతోంది. పెద్ద డేటాబేస్‌ల వేగం పెంచే పనిలో స్థిరపడతానంటోంది. క్లౌడ్ వచ్చాక ఆ ఉద్యోగాలు ఉండవని బంధువులు అంటున్నారు. అమీర్‌పేటలో కోర్సులో చేర్పించమంటారా?

జవాబు: అమ్మా, మీ బంధువుల మాటలో సగం నిజముంది. బ్యాకప్‌లు తీయడం, ప్యాచ్‌లు వేయడం వంటి పనులను ఇప్పుడు చాలావరకు క్లౌడ్ సంస్థలే చూసుకుంటున్నాయి. అయితే సరిగా రాయని క్వెరీ (డేటాబేస్‌ను సమాచారం అడిగే ఆదేశం) క్లౌడ్‌లోనూ నెమ్మదిగానే నడుస్తుంది, పైగా దాని కోసం పెద్ద సర్వర్ తీసుకుంటే నెలనెలా బిల్లు పెరుగుతుంది. ఆ జాప్యానికి కారణం పట్టుకోగలిగినవారి అవసరం తీరలేదు. మీ అమ్మాయి కోరుకుంటున్నది ఆ పనినే.

ఫీజు కట్టే ముందు ఒక నెల ఆగండి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్ ఉచితం, దానితోపాటే వచ్చే పీజీబెంచ్ అనే వేగ పరీక్ష సాధనానికి స్కేలు 100 అని ఇస్తే 100 బ్రాంచీలు, ఒక్కో బ్రాంచికి లక్ష చొప్పున కోటి ఖాతాలు ఉన్న నమూనా బ్యాంకు ల్యాప్‌టాప్‌లోనే తయారవుతుంది. ఒక బ్రాంచి ఖాతాల మొత్తం నిల్వ అడిగే క్వెరీకి ముందు ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ చేర్చి నడపమనండి, డేటాబేస్ ఆ క్వెరీని ఎలా నడిపిందో చూపే ప్లాన్ వస్తుంది. బ్రాంచి నంబరు మీద ఇండెక్స్ (కావలసిన వరుసలను త్వరగా చూపే సూచిక) ఉండదు కనుక, లక్ష వరుసల కోసం కోటి వరుసలనూ వెతికినట్లు, అంటే సీక్వెన్షియల్ స్కాన్ జరిగినట్లు ప్లాన్‌లో కనిపిస్తుంది. ఇండెక్స్ పెట్టి మళ్లీ నడిపితే తేడా తనకే తెలుస్తుంది.

చాలామంది విద్యార్థులు ఇక్కడే ఆగిపోతారు. నాకు బాధ కలిగించేది అదే. నిల్వ కాలమ్ మీద కూడా ఇండెక్స్ పెట్టి, పీజీబెంచ్ లావాదేవీలు సెకనుకు ఎన్ని పూర్తవుతున్నాయో ముందూ తరువాతా రాసుకోవాలి. నిల్వ మారిన ప్రతిసారీ ఇండెక్స్‌లోనూ కొత్త నమోదు చేయవలసి వస్తుంది కాబట్టి, చదివేటప్పుడు మేలు చేసే ఇండెక్స్ రాసేటప్పుడు ఎంత భారమవుతుందో అప్పుడు అంకెల్లో తేలుతుంది. ఆ అంకెల నోట్సును ఇంటర్వ్యూకు తీసుకెళ్లమనండి.

డేటాబేస్ ట్యూనింగ్ పేరుతో ఫ్రెషర్లకు ఉద్యోగాలు అరుదు. బ్యాకెండ్ డెవలపర్‌గా (సర్వర్ వైపు ప్రోగ్రాములు రాసేవారిగా) చేరి, ఏ క్వెరీ మొత్తం మీద ఎక్కువ సమయం తింటోందో చూడడం అలవాటు చేసుకోవాలి. రోజుకు 10 సార్లు నడిచే 30 సెకన్ల రిపోర్టుకు పట్టేది 300 సెకన్లే. 20 మిల్లీసెకన్ల చిన్న క్వెరీ 5 లక్షల సార్లు నడిస్తే 10,000 సెకన్లు.

నెల తరువాతా ఆసక్తి నిలిస్తే, డెమో క్లాసులో తెలియని ప్లాన్‌ను అప్పటికప్పుడు చదివి వివరించే గురువు దొరికిన చోట చేర్పించండి.